‘అ’ అంటే 3077, 0సి05 కూడా

పైథాన్‌లో ఆర్డ్ ఫంక్షన్‌కి ‘అ’ అక్షరం ఇస్తే 3077 అని చెబుతుంది. యూనికోడ్ పట్టికలో మాత్రం ఆ అక్షరం పక్కన 0సి05 అని ఉంటుంది. పట్టిక రాసింది బేస్ 16లో, ఫంక్షన్ చెప్పింది బేస్ 10లో. సంఖ్య ఒక్కటే. 1991 నాటి తొలి యూనికోడ్ నుంచీ తెలుగుకు కేటాయించిన 128 స్థానాలు, 3072 నుంచి 3199 దాకా, ఇలాగే రెండు రకాలుగా కనిపిస్తాయి.

బేస్ 16లో తొమ్మిది తర్వాత అంకెలు చాలవు కాబట్టి 10 నుంచి 15 దాకా ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్ వాడతారు. సి అంటే 12. ఎడమకు జరిగేకొద్దీ స్థానం విలువ 16 రెట్లవుతుంది: 12×256 + 0×16 + 5 = 3077. తిరిగి వెళ్లాలంటే 16తో భాగిస్తూ పోవాలి. 3077ని భాగిస్తే 192, శేషం 5. 192ని భాగిస్తే 12, శేషం 0. 12 అలాగే మిగులుతుంది. శేషాలను కింది నుంచి పైకి చదివితే సి05. పైథాన్‌లో హెక్స్ ఫంక్షన్ ముందు 0ఎక్స్ చేర్చి ఇదే జవాబు ఇస్తుంది. ఇంట్ ఫంక్షన్ దాన్ని వెనక్కి తిప్పుతుంది. పది అంకెలు, 26 ఇంగ్లిష్ అక్షరాలు కలిపి బేస్ 36 దాకా అది చదవగలదు.

అన్ని మార్పిడులూ ఒకే ఖర్చుతో అవుతాయనుకోకండి. 3077ని బేస్ 2లో రాస్తే 1100 0000 0101. నాలుగేసి బిట్లు విడదీస్తే సి, 0, 5. మూడేసి విడదీస్తే బేస్ 8లో 6005. ఇక్కడ భాగహారం అవసరమే లేదు. పదికి ఈ వెసులుబాటు లేదు, అది రెండు ఘాతం కాదు కనుక. బేస్ 10 మార్పిడికి పైథాన్ వాడుతూ వచ్చిన పద్ధతిలో అంకెలు రెట్టింపైతే పని సుమారు నాలుగింతలయ్యేది. ఎవరైనా లక్షల అంకెల స్ట్రింగ్ పంపి సర్వర్‌ను స్తంభింపజేయవచ్చు. అందుకే 2022లో 4300 అంకెల పరిమితి పెట్టారు. దాటితే ఎర్రర్ వస్తుంది. బేస్ 2, 4, 8, 16, 32లకు ఆ పరిమితి లేదు.

బేస్ చెప్పకపోవడం వల్ల వచ్చే తప్పు ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే ఎర్రర్ కూడా రాదు. పాత జావాస్క్రిప్ట్‌లో పార్స్‌ఇంట్ ఫంక్షన్, సున్నాతో మొదలైన స్ట్రింగ్‌ను చాలా బ్రౌజర్లలో బేస్ 8గా చదివేది. తేదీ నుంచి నెల తీస్తే ‘07’ ఏడుగానే వచ్చేది. ‘08’ దగ్గర, బేస్ 8లో ఎనిమిది అనే అంకే లేదు కాబట్టి, చదవడం ఆపేసి 0 ఇచ్చేది. జూలై దాకా సరిగ్గా నడిచిన ప్రోగ్రామ్ ఆగస్టులో తప్పేది. 2009 జావాస్క్రిప్ట్ ప్రమాణం ఈ పద్ధతిని తీసేసింది. అయినా 0ఎక్స్‌తో మొదలైతే పార్స్‌ఇంట్ ఇప్పటికీ అది బేస్ 16 అనే అనుకుంటుంది: ‘0ఎక్స్10’ ఇస్తే 16 వస్తుంది.

బయటి నుంచి వచ్చిన స్ట్రింగ్‌ను జావాస్క్రిప్ట్‌లో సంఖ్యగా మార్చేటప్పుడు పార్స్‌ఇంట్‌కి బేస్ చెప్పే రెండో ఆర్గ్యుమెంట్‌ను వదిలేయకండి. పదే కావాలంటే 10 అని రాయండి.