పి.హెచ్.క్యు-9

పి.హెచ్.క్యు-9 అనేది డిప్రెషన్ (మానసిక కుంగుబాటు) లక్షణాల తీవ్రతను కొలిచే తొమ్మిది ప్రశ్నల పత్రం. దీనిని రోగి స్వయంగా పూరిస్తాడు. వ్యాధిని పసిగట్టడానికే కాక, వాడుతున్న మందు పనిచేస్తున్నదీ లేనిదీ తెలుసుకోవడానికి కూడా ఇది ఉపయోగపడుతుంది. మధుమేహానికి ఉన్నట్లుగా డిప్రెషన్‌ తీవ్రతను తెలిపే రక్తపరీక్ష లేదు. అందువలన రోగి చెప్పే మాటే ఇక్కడ ముఖ్యమైన ఆధారం.

చరిత్ర

1960లో మాక్స్ హామిల్టన్ ప్రచురించిన కొలమానంలో మార్కులు వేసేది వైద్యుడు. 1961లో ఆరన్ బెక్ బృందం ప్రచురించిన 21 అంశాల పట్టికలో తన స్థితికి సరిపోయే వాక్యాన్ని రోగి ఎంచుకొంటాడు. పి.హెచ్.క్యు-9ను రాబర్ట్ స్పిట్జర్, జానెట్ విలియమ్స్, కర్ట్ క్రోంకే తదితరులు ఫైజర్ సంస్థ ఆర్థిక సహాయంతో అమెరికాలో రూపొందించారు. దాని విశ్వసనీయతపై వారి పరిశోధన 2001లో వెలువడింది. ఈ పత్రాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చును.

ప్రశ్నలు, మార్కులు

గత 2 వారాలలో నిరాసక్తత, దిగులు, నిద్ర, నీరసం, ఆకలి, ఆత్మనింద, ఏకాగ్రత, కదలికలలో మార్పు, చనిపోవాలనే లేదా తనకు తాను హాని చేసుకోవాలనే ఆలోచనలు - వీటితో ఎన్ని రోజులు బాధపడినదీ అడుగుతారు. "అసలు లేదు" అంటే 0, "కొన్ని రోజులు" 1, "సగం కంటే ఎక్కువ రోజులు" 2, "దాదాపు ప్రతిరోజూ" 3. మొత్తం 27.

- 5 నుండి 9: స్వల్పం
- 10 నుండి 14: మధ్యస్థం
- 15 నుండి 19: కొంత తీవ్రం
- 20 నుండి 27: తీవ్రం

మందు ప్రభావాన్ని కొలవడం

చికిత్సకు ముందు ఒకసారి, తరువాత కొన్ని వారాలకొకసారి పత్రాన్ని పూరింపజేసి మార్కులను పోలుస్తారు. మొదటి మార్కులు సగానికి గాని అంతకంటే గాని తగ్గితే దానిని "ప్రతిస్పందన" అంటారు. 5 కంటే తగ్గితే "ఉపశమనం" అంటారు. ఉదాహరణకు 18 నుండి 9కి దిగిన రోగికి మందు పనిచేసినట్లే, కాని వ్యాధి ఇంకా పూర్తిగా తగ్గలేదు. తగినన్ని వారాలు వాడినా 18 నుండి 16కు మాత్రమే దిగితే, మోతాదు పెంచడమా, మందు మార్చడమా అని వైద్యుడు ఆలోచిస్తాడు.

పరిమితులు

నిద్ర, ఆకలి, నీరసం మందు దుష్ప్రభావాల వలన కూడా మారవచ్చును. కాబట్టి మొత్తంతో పాటు ఏ ప్రశ్నకు ఎన్ని మార్కులు వచ్చినదీ చూడాలి. ముఖ్యంగా తొమ్మిదవ ప్రశ్నకు 0 కాక మరే జవాబు వచ్చినా, మొత్తం ఎంత తక్కువగా ఉన్నా, వైద్యుడు రోగితో వెంటనే మాట్లాడాలి.

చదవలేని వారికి ప్రశ్నలను మరొకరు అడగవలసి వస్తుంది. పశ్చిమ గోదావరి జిల్లా గ్రామాలలో స్మార్ట్ మెంటల్ హెల్త్ ప్రాజెక్టులో ఆశా కార్యకర్తలు ఈ ప్రశ్నలను అడిగారు. ఎదుట మనిషి ఉన్నప్పుడు బిడియం వలన కొందరు బాధను తగ్గించి చెప్పవచ్చును. ఈ పత్రం వైద్యుని పరీక్షకు తోడే గాని దానికి బదులు కాదు. మార్కులు తగ్గాయని రోగి తనంతట తాను మందు మానరాదు.