దుర్యోధనుడికి అవమానం జరిగింది, మరి ద్రౌపదికి?



మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో స్కూల్ యానివర్సరీ అంటే చాలాచోట్ల మయసభ ఏకపాత్రాభినయం ఉండాల్సిందే. ఈసారి రిహార్సల్ అయ్యాక తొమ్మిదో తరగతి బాబు ఒకడు అడిగాడు: "టీచర్, ద్రౌపది నవ్వింది కాబట్టే కదా దుర్యోధనుడు అలా చేశాడు! తప్పేముంది?" సగం క్లాసు చప్పట్లు కొట్టింది.

వాళ్లేమీ చెడ్డపిల్లలు కారు. కథ ఎవరి పక్కన కూర్చోబెడితే మనం వాళ్ల తరఫున మాట్లాడతాం. 1977లో వచ్చిన 'దాన వీర శూర కర్ణ'లో కర్ణుడు, కృష్ణుడితో పాటు దుర్యోధనుడూ ఎన్టీఆరే. కొండవీటి వెంకటకవి రాసిన ఆ డైలాగులు ఇప్పటికీ ఎంతోమందికి కంఠతా వచ్చు. నలుగురిలో నవ్వులపాలైన అనుభవం ప్రతి పిల్లవాడికీ ఉంటుంది కాబట్టి, ఆ అవమానం తనదే అనిపిస్తుంది. అవమానం ముందు చూసి, ఘోరం తర్వాత చూస్తే, ఘోరం కాస్తా న్యాయమైన పగలా కనిపిస్తుంది. పైగా చేసింది అభిమాన హీరో!

అసలు ఆ నవ్వు సంగతి చూద్దాం. పుణె భండార్కర్ సంస్థ పరిష్కరించిన సంస్కృత భారతం సభాపర్వంలో, మయసభలో నవ్వినవాళ్లు సేవకులు, భీముడు, అర్జునుడు, నకుల సహదేవులు. అక్కడ ద్రౌపది పేరు లేదు. ఆమె కూడా నవ్విందని తర్వాత తండ్రితో చెప్పుకున్నది దుర్యోధనుడే.

సరే, నవ్విందే అనుకుందాం. నవ్వినందుకు నిండు సభకు జుట్టు పట్టి ఈడ్చుకురావచ్చా?

మర్నాడు ఆ బాబునే ద్రౌపదిగా రెండు నిమిషాలు మాట్లాడమన్నాను. 'తానే ఓడిపోయినవాడికి నన్ను పందెం పెట్టే హక్కు ఎక్కడిది?' అన్న ఆమె ప్రశ్న దగ్గరకు వచ్చి ఆగిపోయాడు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

పాత కథను అవతలి పక్షం నుంచి చూడటం తప్పు కాదు. త్రిపురనేని రామస్వామి చౌదరి గారు కౌరవుల పక్షాన 'కురుక్షేత్ర సంగ్రామం' నాటకమే రాశారు. కానీ 'ఎందుకు చేశాడు?' అన్నది ఒక ప్రశ్న, 'చేయొచ్చా?' అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికితే రెండోదానికీ దొరికినట్టు కాదు. ఈ తేడా తెలియకపోతే, రేపు ఒకమ్మాయి నవ్విందనో, కాదందనో కోపం తెచ్చుకున్న అబ్బాయి కూడా ఇదే సాకు చెబుతాడు.

అందుకని సినిమా ఆపకండి, పిల్లల్ని తిట్టకండి. అయ్యాక ఆ రెండు ప్రశ్నలూ విడివిడిగా అడగండి. తర్వాత, దెబ్బ తిన్నవాళ్ల వైపు నుంచి అదే సీను చెప్పమనండి.