ఊపిరి నెమ్మదిస్తే గుండె దడ ఎందుకు తగ్గుతుంది?

పండగ ముందురోజు సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కి ఎప్పుడైనా వెళ్లావా? కూరగాయల గుట్టలు, బంతిపూల బుట్టలు, బేరాలు, "జరుగు జరుగు" అంటూ మూటలతో వచ్చే హమాలీలు. ఆ రద్దీలో అమ్మ చెయ్యి జారిపోయిందనుకో. గుండె దడదడా కొట్టుకుంటుంది. పరుగెత్తాల్సి వస్తుందేమోనని మెదడే దాన్ని తొందరపెట్టి, కాళ్లకు రక్తం ఎక్కువగా పంపిస్తుంది. నిన్ను కాపాడాలనే దాని ఆత్రం!

మరి "నెమ్మదించు" అంటే గుండె వింటుందా? వినదు. ఊపిరి మాత్రం నీ మాట వింటుంది.

మెదడు నుంచి గుండెకు వేగస్ అనే పొడవాటి నరం వెళ్తుంది. అది సైకిల్ బ్రేకు లాంటిది. గాలి పీల్చేటప్పుడు ఆ బ్రేకు కాస్త వదులవుతుంది, గుండె వేగం పెరుగుతుంది. గాలి వదిలేటప్పుడు బిగుస్తుంది, వేగం తగ్గుతుంది. నమ్మకం కుదరలేదా? మణికట్టు మీద, బొటనవేలి వైపున రెండు వేళ్లు ఆనించి నాడి చూస్తూ నెమ్మదిగా ఊపిరి తీసి వదులు. ఈ తేడా పెద్దవాళ్లలో కంటే పిల్లల్లోనే బాగా తెలుస్తుంది.

అందుకే వదిలే ఊపిరి పొడవుగా ఉండాలి. ముక్కుతో పీలుస్తూ 3 వరకు లెక్కపెట్టు, వదులుతూ 6 వరకు. నిలబడ్డచోటే నాలుగైదుసార్లు చేస్తే అమ్మ చీర రంగు గుర్తొస్తుంది, ఎదురుగా ఉన్న కొట్టు పేరు చదవగలుగుతావు, కొట్టాయన్ని సాయం అడగగలుగుతావు. కళ్లు తిరిగినట్టనిపిస్తే మాత్రం లెక్క ఆపేసి మామూలుగా ఊపిరి తీసుకో.