గాజు మీద మెరుపు, చేప మీద చార

కొర్రమీను మన తెలంగాణ రాష్ట్ర చేప. ఒంటి మీది చారల్ని బట్టి దాన్ని గుర్తుపట్టే మోడల్ కోసం, ఇబ్రహీంపట్నంలో ప్రాణంతో కొన్న కొర్రమీనుల్ని గాజు తొట్టిలో వేసి ఫోటోలు తీస్తున్నాను. గాజు మీద ట్యూబ్‌లైట్ మెరిస్తే, మోడల్ దాన్నీ చారే అనుకుంటుంది.

ఎదురుగా పడిన వెలుతురులో గాజు బయటి ముఖం వెనక్కి పంపేది సుమారు 4 శాతమే. కానీ తొట్టి లోపల చీకటిగా ఉంటే ఆ కాస్తే ఎక్కువ. అందుకే మన వైపు చీకటి, చేప వైపు వెలుతురు ఉండాలి. గది లైట్లు, ఫ్లాష్ ఆపేసి, తొట్టి పైనుంచి ఎల్ఈడీ లైట్ వేయండి. ఫోన్ చుట్టూ నల్ల గుడ్డ కప్పి, లెన్స్‌ని గాజుకి ఆనించండి.

మరి పోలరైజర్ ఫిల్టర్ కొనాలా? నేరుగా ఎదురుగా తీస్తే అది మెరుపుని ఆపలేదు. సుమారు 56 డిగ్రీలు పక్కకి జరిగితే బాగా ఆపుతుంది గానీ, అంత ఏటవాలుగా తీస్తే వెలుతురు నీళ్లలో వంగి చేప అంచులు మసకబారతాయి. మన పనికి పాత నల్ల చున్నీయే నయం!