బీరువాలా నడిచిన రాతి విగ్రహాలు



ఇల్లు మారేటప్పుడు ఇనప బీరువాను ఎలా జరుపుతారో మీ పిల్లలు చూసే ఉంటారు. ఎత్తి మోయడం కష్టం. అందుకే ఇద్దరు చెరోవైపు పట్టుకుని, ఒక మూల మీద ఆనించి రెండో మూలను కాస్త ముందుకు తిప్పుతారు. తర్వాత ఇటు, మళ్లీ అటు. బీరువా నడుస్తున్నట్టే ఉంటుంది. టన్నుల బరువున్న రాతి విగ్రహాలు కూడా ఇలాగే నడిచాయంటే మీరు నమ్ముతారా?

పసిఫిక్ మహాసముద్రంలో, చిలీ తీరానికి 3,500 కిలోమీటర్లకు పైగా దూరంలో రాపా నుయి అనే చిన్న దీవి ఉంది. 1722లో ఈస్టర్ రోజున డచ్ నౌకలు అక్కడికి చేరడంతో ఈస్టర్ ఐలాండ్ అన్న పేరు వచ్చింది. అక్కడ 'మోఆయి' అనే విగ్రహాలు దాదాపు వెయ్యి ఉన్నాయి. ఎక్కువ భాగం రానో రరాకు అనే అగ్నిపర్వతం రాతిలో చెక్కినవే. అక్కడి నుంచి కిలోమీటర్ల దూరంలోని వేదికలకు వాటిని ఎలా చేర్చారు?

"అవే నడిచి వెళ్లాయి" అని దీవి పెద్దలు చెప్పేవారు. బయటివారు దాన్ని కట్టుకథ అనుకున్నారు. చెట్లు నరికి దుంగల మీద దొర్లించారని, అలా అడవిని పోగొట్టుకుని తమను తామే నాశనం చేసుకున్నారని చాలా పుస్తకాలు రాశాయి.

జవాబు కోసం పరిశోధకులు రాళ్లనే పరీక్షించారు. 1914-15లో కేథరిన్ రౌట్లెడ్జ్ దీవి అంతా తిరిగి విగ్రహాలను నమోదు చేశారు, పెద్దల మాటలు రాసుకున్నారు. తర్వాతి సర్వేల్లో ప్రతి విగ్రహం ఎక్కడుంది, ఎంత ఎత్తు, ఎటు పడింది అని కొలిచారు. టెర్రీ హంట్, కార్ల్ లిపో అనే పరిశోధకులు దారుల్లో పడి ఉన్న విగ్రహాల్లో ఒక తేడా గమనించారు. వాటి అడుగు వెడల్పుగా ఉంది, శరీరం కాస్త ముందుకు వాలి ఉంది. వేదిక మీద నిలబడ్డవి అలా లేవు. అంటే దారిలోని ఆకారం నడవడానికి అనువైనది. గమ్యం చేరాక అడుగు సరిచేసి నిలబెట్టారు.

2012లో ప్రచురించిన ప్రయోగంలో 4.35 టన్నుల కాంక్రీటు నమూనాను 18 మంది మూడు తాళ్లతో 40 నిమిషాల్లో 100 మీటర్లు నడిపించారు. పండితులందరూ ఏకీభవించకపోయినా, పెద్దల మాట కొట్టిపారేయదగ్గది కాదని తేలింది.

స్వయంనాశనం కథ కూడా నిలవలేదు. అడవి పోయిన మాట నిజమే. దానికి సాగు కోసం తగలబెట్టడంతో పాటు తాటి జాతి చెట్ల గింజలు తినేసిన ఎలుకలూ కారణమే. కానీ 1600ల్లో జనాభా కుప్పకూలిందనడానికి ఆధారం లేదని 2024లో పాత డీఎన్ఏ అధ్యయనం చెప్పింది. అసలు దెబ్బ తర్వాత వచ్చింది. 1862లో పెరూ నుంచి వచ్చిన ఓడలు వందలాది మందిని బానిసలుగా పట్టుకుపోయాయి. తర్వాత అంటువ్యాధులు. 1877 నాటికి మిగిలింది 111 మంది. నింద మాత్రం బాధితుల మీదే పడింది.

ఈ నెల ఇంట్లో ఇలా చేయండి: నీళ్లు నింపిన రెండు లీటర్ల బాటిల్ మెడకు రెండు దారాలు కట్టి, ఇద్దరు పిల్లలు చెరోవైపు నుంచి మార్చి మార్చి మెల్లగా లాగితే అదెలా కదులుతుందో చూడనివ్వండి. ఊరికి వెళ్లినప్పుడు పొలిమేరలో పాత రాయో వీరగల్లో కనిపిస్తే, ముట్టుకోకుండా ఫొటో తీసి, ఎత్తు అంచనా వేసి, ఏ దిక్కుకు ఉందో నోట్‌బుక్‌లో రాయమనండి. తర్వాత తాతయ్యనో అమ్మమ్మనో దాని కథ అడగమనండి. ఆ కథ నమ్మశక్యంగా లేకపోయినా కొట్టేయకుండా రాసి ఉంచమనండి.