అమ్మమ్మ పేరు ఏ కాగితంలో ఉంది?

రాయచూరు జిల్లా సింధనూరు ప్రాంతంలో ఇరుగుపొరుగు ఇళ్లకే స్వాతంత్ర్యం వేర్వేరు తేదీల్లో వచ్చింది. తుంగభద్ర కాలువ నీళ్లు పారాక కోస్తా నుంచి వలస వచ్చి, క్యాంపులు కట్టుకుని స్థిరపడ్డ తెలుగు రైతుల పెద్దలకు అది 1947 ఆగస్టు 15. స్థానికుల పెద్దలు మాత్రం అప్పటికి నిజాం ఏలుబడిలో ఉన్నారు. వాళ్లు 1948 సెప్టెంబరు 17 దాకా ఆగాల్సి వచ్చింది. కర్ణాటక ప్రభుత్వం 2019 నుంచి ఆ రోజును కల్యాణ కర్ణాటక ఉత్సవంగా జరుపుతోంది.

‘మా తాత కూడా పోరాడాడు’ అనే మాట రెండు రకాల ఇళ్లలోనూ వినిపించవచ్చు. దాన్ని రుజువు చేసేదెలా?

అమెరికాలో ఈ పని కోసమే ఒక మహిళా సంఘం ఉంది. పేరు డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రివల్యూషన్, పొట్టిగా డీఏఆర్. స్వాతంత్ర్య యోధుల వారసుల సంఘంలోకి ఆడవాళ్లను రానివ్వకపోవడంతో 1890లో వాషింగ్టన్‌లో కొందరు మహిళలు దీన్ని సొంతంగా పెట్టుకున్నారు. పద్దెనిమిదేళ్లు నిండి, యోధుడి నుంచి తన వరకు ప్రతి తరానికీ జనన, వివాహ, మరణ ఆధారాలు చూపగలిగితే సభ్యత్వం దొరుకుతుంది. ఊరూరా ఉన్న శాఖలు బడి పిల్లలకు చరిత్ర వ్యాసరచన పోటీలు పెడతాయి, ఉపకారవేతనాలిస్తాయి, యోధుల సమాధులను గుర్తించి ఫలకాలు వేయిస్తాయి.

ఆ సంఘం తుపాకీ పట్టినవాళ్లతోనే లెక్క ఆపదు. సైన్యానికి ధాన్యం, పశువులు ఇచ్చినవారినీ, విధేయత ప్రమాణం చేసినవారినీ దేశభక్తులుగానే నమోదు చేస్తుంది. అందులో స్త్రీలూ ఉన్నారు.

మన దగ్గర ఈ గుర్తింపు ప్రభుత్వం చేతిలో ఉంది. 1972లో మొదలై 1980లో విస్తరించిన కేంద్ర సమరయోధుల పింఛను పథకానికి సాధారణంగా ఆరు నెలల జైలు శిక్ష కావాలి. స్త్రీలకూ, ఎస్సీ, ఎస్టీలకూ మూడు నెలలు చాలు. జైలు రికార్డు దొరక్కపోతే తోటి ఖైదీలు ఇచ్చే ధ్రువపత్రం చూపాలి. హైదరాబాద్ సంస్థాన విమోచనోద్యమంలో సరిహద్దు శిబిరాల నుంచి పనిచేసినవారికి గుర్తింపు ఆలస్యంగా దక్కింది. అప్పట్లో రాయచూరు జిల్లాలోనే ఉన్న కొప్పళ ప్రాంత నాయకుడు అళవండి శివమూర్తి స్వామి సరిహద్దుకు అవతలి ముండరగి శిబిరాన్ని నడిపారు. అలాంటి చోట్ల పనిచేసినవారికి జైలు కాగితం ఎక్కడి నుంచి వస్తుంది?

సమరయోధుడు పోయాక పింఛను భార్యకు, ఆ తర్వాత పెళ్లికాని కూతుళ్లకు వెళ్తుంది. కొడుకులకు రాదు, మనవరాళ్లకూ రాదు. డీఏఆర్‌లో ఎనిమిదో తరం మనవరాలు కూడా సభ్యురాలు కావచ్చు, ఇక్కడ మాత్రం లెక్క కూతురితో ఆగిపోతుంది. ఇక అజ్ఞాతంలో ఉన్నవారికి అన్నం వండి పంపిన ఇల్లాలికీ, కబురు చేరవేసిన పిల్లకూ ఏ జైలూ సర్టిఫికెట్ ఇవ్వదు.

వంశం ఆధారంగా కట్టిన గౌరవానికి మరో ముఖం కూడా ఉంది. 1939లో నల్లజాతి గాయని మరియన్ ఆండర్సన్‌కు డీఏఆర్ తన కాన్‌స్టిట్యూషన్ హాలు ఇవ్వలేదు. నిరసనగా అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ సభ్యత్వం వదిలేశారు. లింకన్ స్మారకం ముందు జరిగిన ఆ గాయని కచేరీకి 75 వేల మంది వచ్చారు. ఆ సంఘంలో తొలి నల్లజాతి సభ్యురాలిగా పేరొందిన కారెన్ ఫార్మర్ చేరింది 1977లో. మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ మరో దారి పట్టారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లొచ్చి, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి ఆడపిల్లల చదువుకు బాట వేశారు. అందులో చేరడానికి ముత్తాత పేరుతో పనిలేదు.

రాయచూరు ఆడపడుచులు అమెరికా నుంచి అరువు తెచ్చుకోదగ్గది వంశ గర్వం కాదు, కాగితాలు భద్రం చేసే ఓపిక. ఇంట్లో పాత పింఛను ఉత్తర్వు, శిబిరం ఫొటో, ఉత్తరం ఉంటే నకలు తీసి దాచండి. ముసలివాళ్లు ఉండగానే అడిగి, వండిపెట్టిన చేతుల పేర్లు కూడా రాసుకోండి.