పాలపళ్లను కాపాడుకుందాం

"పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోయేవే" అనే మాట మన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల ఇళ్లలో తరచుగా వినవస్తుంది. తమ పన్ను నొప్పి పెడితే వైద్యుని వద్దకు పరుగెత్తే పెద్దలే, పసిబిడ్డ ముందు పళ్లు నల్లబడి అరిగిపోతున్నా ఊరకుంటారు. దీనికి కారణం బిడ్డ మీద ప్రేమ లేకపోవడం కాదు, విషయం తెలియకపోవడం. కావున పాలపళ్లు ఎందుకు పుచ్చుతాయో, వాటిని ఏ విధంగా కాపాడుకోవచ్చునో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

పాలపళ్ల ప్రయోజనం

శిశువుకు సాధారణంగా ఆరవ నెల ప్రాంతంలో క్రింది దవడన రెండు ముందు పళ్లు మొలుస్తాయి. మూడేళ్లు నిండేసరికి ఇరవై పాలపళ్లు పూర్తవుతాయి. ముందు పళ్లు ఆరేడేళ్ల వయస్సులో ఊడినప్పటికీ, వెనుకటి దవడ పళ్లు పది, పన్నెండేళ్ల వరకు ఉండవలసినవే. అనగా బిడ్డ బడిలో చేరిన నాటి నుండి ప్రాథమిక విద్య ముగిసే వరకు అన్నం నమిలేది ఎక్కువగా ఈ పళ్లతోనే.

పళ్లు నమలడానికి మాత్రమే కాదు, మాటకు కూడ ఆధారం. మన వ్యాకరణంలో త, థ, ద, ధ, న అనే అక్షరాలను దంత్యాలనడం అందరికీ తెలిసినదే. అంతేగాక ప్రతి పాలపన్నూ తన క్రింద పెరుగుతున్న శాశ్వత దంతానికి చోటును కాపాడుతుంది. అది పుచ్చి, కాలానికి ముందే తీసివేయవలసి వస్తే ప్రక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరిగి, కొత్త పన్ను వంకరగా వస్తుంది. పుచ్చు లోతుగా దిగితే చీము పట్టి, క్రింది పన్నుకు కూడ హాని కలుగవచ్చు. పంటి నొప్పితో బిడ్డ రాత్రి నిద్రపోదు, సరిగా తినదు, బరువు పెరగదు, బడిలో మనస్సు నిలుపలేదు. ఊడిపోయే పన్నే అయినా, ఊడిపోయేలోగా అది పెట్టే బాధ నిజమైనది.

పన్ను పుచ్చే విధం

పంటిలో పురుగు పడుతుందని మన పల్లెలలో అనాదిగా ఒక నమ్మకం కలదు. పురుగు తీస్తామని ఊరూరా తిరిగేవారూ ఉన్నారు. వాస్తవానికి పన్నును తొలిచే పురుగు ఏదీ లేదు. నోటిలోని సూక్ష్మజీవులు పళ్లపై పాచిగా పేరుకొని, మనం తిన్న చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పంటి పైపొర అయిన పింగాణీలోని ఖనిజాన్ని కరిగిస్తుంది. ఆమ్లం వల్ల పన్ను కరుగుతుందనే సిద్ధాంతాన్ని మిల్లర్ అనే శాస్త్రజ్ఞుడు 1890లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. ఇందులో ప్రధాన పాత్ర వహించే స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే సూక్ష్మజీవిని 1924లో క్లార్క్ గుర్తించాడు.

అయితే ప్రకృతి మనకు ఒక రక్షణ కూడ ఇచ్చింది. అదే లాలాజలం. తీపి తిన్న తరువాత అరగంట నుండి గంట లోపల లాలాజలం ఆమ్లాన్ని కడిగివేసి, కోల్పోయిన ఖనిజాన్ని తిరిగి పంటికి చేరుస్తుంది. ఆ వ్యవధి ఇవ్వకుండ మళ్లీ మళ్లీ తీపి పెడితే పన్ను కోలుకోలేదు. 1940లలో స్వీడన్‌లోని విపెహోమ్ ఆసుపత్రిలో జరిపిన పరిశీలన ఈ సంగతిని స్పష్టపరచింది. భోజనంతోపాటు తిన్న తీపి కంటె, భోజనాల నడుమ పలుమార్లు తిన్న అంటుకునే తీపి పళ్లను అధికంగా పాడుచేసింది. బుద్ధిమాంద్యం గల రోగులపై వారి అనుమతి లేకుండ చేసిన ఆ ప్రయోగం నైతికంగా తప్పే అయినా, దాని ఫలితాన్ని మరువరాదు. ఎంత తీపి తిన్నామన్న దానికంటె ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం.

నిద్రలో లాలాజలం చాల తగ్గిపోతుంది. అందుచేత చక్కెర కలిపిన పాలసీసా నోట ఉంచుకొని నిద్రించే బిడ్డ పై ముందు పళ్లు మొదట పాడవుతాయి. క్రింది ముందు పళ్లను నాలుక కప్పి ఉంచుతుంది గనుక అవి తరచుగా బాగానే ఉంటాయి.

మన ప్రాంతపు పరిస్థితులు

మనది తీపి పండిన నేల. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో చెరకు పెరిగింది. బోధన్ చక్కెర కర్మాగారం 2015లో మూతపడే వరకు ఈ ప్రాంతానికి పేరు తెచ్చింది. కామారెడ్డి బెల్లం వ్యాపారం కూడ పేరుపొందినదే. బెల్లం చక్కెర కంటె మేలు గనుక పళ్లకు చెరుపు చేయదని కొందరి భావన. సూక్ష్మజీవులకు ఆ భేదం లేదు. తేనెకూ ఇదే వర్తిస్తుంది. పైగా ఏడాది నిండని శిశువుకు తేనె ప్రమాదకరం కావచ్చు, నాకించరాదు.

మన ఇళ్లలో బీడీలు చుట్టే తల్లులు అనేకులు. చేతిలో పని ఆగితే కూలి ఆగుతుంది. ఏడ్చే బిడ్డకు బిస్కట్టో, తీపి పాలసీసాయో ఇచ్చి ఊరుకోబెట్టక తప్పని స్థితి వారిది. గల్ఫ్ దేశాల నుండి సెలవుపై వచ్చే తండ్రి పెట్టె నిండ చాకొలెట్లు తెస్తాడు. వీరిని నిందించడం మన ఉద్దేశం కాదు. ఖర్చు లేని మార్గాలను వారికి తెలుపడం మన కర్తవ్యం.

నివారణ మార్గాలు

మొదటి ఆరు నెలలు తల్లిపాలే చాలు. తరువాత ఇతర ఆహారంతోపాటు రెండేళ్ల వరకు, ఆపైన కూడ ఇవ్వవచ్చు. తల్లులు పూర్తి రెండేళ్లు పాలిచ్చే విషయం పవిత్ర ఖురాన్‌లోనూ ప్రస్తావింపబడినది. సీసాకు బదులు మన పూర్వులు వాడిన ఉగ్గుగిన్నె మేలు. ఏడాది దాటిన బిడ్డకు గిన్నెతోనో, గ్లాసుతోనో త్రాగడం అలవాటు చేయవలె. పాలలో చక్కెర కలుపరాదు. నిద్రవేళ నోట సీసా ఉంచరాదు. రాత్రి తీపి మందు పోసినా కాసిని నీళ్లు త్రాగించవలె. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం వంటి తీపి ఆహారం మాన్పించనక్కరలేదు. తినిపించిన పిదప నీళ్లు త్రాగిస్తే చాలు.

పెద్దల నోటి సూక్ష్మజీవులు ఎంగిలి ద్వారా బిడ్డకు చేరుతాయి. కావున నమిలి పెట్టడం, ఒకే చెంచాతో తినిపించడం మానవలె. తల్లి పళ్లు శుభ్రంగా ఉండడం బిడ్డకు మొదటి రక్షణ.

పళ్లు రాకముందు తడిగుడ్డతో చిగుళ్లు తుడవవలె. మొదటి పన్ను మొలిచిన నాటి నుండి మెత్తని చిన్న బ్రష్షుతో ఉదయం, రాత్రి తోమవలె. ఏడెనిమిదేళ్ల వరకు పెద్దలే దగ్గరుండి తోమించవలె. వేపపుల్ల, ప్రవక్త ప్రోత్సహించిన మిస్వాక్ పెద్దలకు ఎంతో మంచివి, కాని పసివాళ్లకు వాటిని వాడడం చేతకాదు. బొగ్గు, ఇటుకపొడి పింగాణీని అరగదీస్తాయి. పొగాకు కలిసిన పళ్లపొడిని ప్రభుత్వం 1992లోనే నిషేధించింది.

ఫ్లోరైడు గురించి

నల్లగొండ పేరు విన్నవారు ఫ్లోరైడు అనగానే భయపడతారు. భయానికి కారణం ఉన్నది. 1937లోనే ఆనాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు వర్ణించారు. నల్లగొండలో తరాల తరబడి ఎముకలు వంగిన మనుషులను చూశాం. అది అధిక ఫ్లోరైడు గల నీటిని ఏళ్ల తరబడి త్రాగడం వల్ల కలిగినది. త్రాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని భారతీయ ప్రమాణం. టూత్‌పేస్టులోని ఫ్లోరైడు పైపూతగా పనిచేసి పింగాణీని గట్టిపరుస్తుంది. మూడేళ్లలోపు బిడ్డకు బియ్యపు గింజంత, మూడు నుండి ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత పేస్టు చాలు. మ్రింగకుండ ఉమ్మివేయడం నేర్పవలె.

వైద్యుని అవసరం

పై పెదవిని మెల్లగా ఎత్తి చూడండి. చిగురు అంచున సున్నం వంటి తెల్లని గీత కనిపిస్తే అదే పుచ్చుకు తొలి గుర్తు. ఆ దశలో శుభ్రత, ఫ్లోరైడు పూతల వల్ల పన్ను కోలుకోగలదు. గోధుమరంగు గుంట పడిన పిదప వైద్యం తప్పనిసరి. మొదటి పుట్టినరోజులోగా ఒకసారి దంతవైద్యునికి చూపడం ఉత్తమం. ఆరేళ్లకు పాలపళ్ల వెనుక ఏ పన్నూ ఊడకుండానే వచ్చే దవడ పన్ను శాశ్వత దంతమని గుర్తుంచుకోవలె. దానిని పాలపన్నుగా భావించి పలువురు పోగొట్టుకొంటున్నారు.

మన దేశంలో తొలి దంతవైద్య కళాశాలను 1920లో కలకత్తాలో స్థాపించినవారు డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. అమెరికాలో చదివి వచ్చిన ఆయన, స్వదేశంలో ఈ విద్యకు పునాది వేశారు. 1964లో పద్మభూషణ్ బిరుదు పొందారు. ఆయన జన్మదినమైన డిసెంబరు 24 జాతీయ దంతవైద్య దినంగా జరుపబడుచున్నది.

మన కర్తవ్యం

మనలో చాలమందికి ఇంట తమ్ముళ్లు, చెల్లెళ్లు, అక్కల బిడ్డలు ఉన్నారు. తల్లి బీడీల చాట ముందు కూర్చున్నప్పుడు బిడ్డను ఎత్తుకొనేది మనమే. ఆ బిడ్డ పళ్లు తోమే పని మనం చేపట్టలేమా? కళాశాల కమిటీవారు జాతీయ సేవా పథకం శిబిరాలలో ఒక దినాన్ని సమీప అంగన్‌వాడీలలోని పిల్లల పళ్ల పరీక్షకు, తల్లులతో ముచ్చటకు కేటాయిస్తే ఎంతో ఉపకారం జరుగుతుంది. ఒక బ్రష్షు, కాస్త పేస్టు, కాసిని నీళ్లు, రోజుకు రెండు మార్లు కొంచెం ఓపిక. ఇంతకు మించి ఈ పనికి పెట్టుబడి లేదు.